కాడి ఎక్కడ ఒరుసుకుంటోంది?

అక్క: అందరికీ వందనాలు. నెల్లూరు, ఒంగోలు, తిరుపతి వైపు నుంచి వైద్యానికి చెన్నై వచ్చే మనవాళ్లలో రోగిని డాక్టరు చూస్తారు. మంచం పక్కన చాప వేసుకుని పడుకునే తోడు మనిషిని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఇవాళ ఆ మనిషి గురించే.

తమ్ముడు: వాళ్లకు మనం చెప్పే వాక్యం మత్తయి 11:28 కదక్కా, 'ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా' అని. కానీ దాని తర్వాతి వచనం దగ్గర చాలామంది తడబడతారు. విశ్రాంతి ఇస్తానన్న ప్రభువే వెంటనే కాడి ఎత్తుకోమంటాడు. అలసినవాడికి మళ్లీ కాడేంటి?

అక్క: సేద్యం ఎరిగినవాళ్లకు అది తేలిగ్గా అర్థమవుతుంది. ఎద్దు మెడ పుండు పడేది ఒక్క బరువుతోనే కాదు. కాడి ఆనే చోట గరుకుగా ఉన్నా, మెడపట్టీ బిగిసినా, జతలో ఒకటి పొట్టిదీ ఒకటి పొడుగుదీ అయినా చర్మం ఒరుసుకుపోతుంది. చెక్కి నునుపు చేసి మెడకు సరిపెడితే అదే ఎద్దు అదే బరువు లాగుతుంది. 30వ వచనంలో 'నా కాడి సుళువు' అన్నచోట గ్రీకు మాట క్రెస్తోస్. ఎఫెసీ 4:32లో ఒకరిపట్ల ఒకరు దయగా ఉండమన్నచోట కూడా ఆ మాటే. తెలుగులో ఒకచోట సుళువు అయింది, ఇంకోచోట దయ అయింది. నా లెక్కలో దయ చూపడమంటే ఎదుటివాళ్ల మెడ ఎక్కడ ఒరుసుకుంటోందో కనిపెట్టి, అక్కడ చెక్కడం.

తమ్ముడు: అయితే ఆసుపత్రిలో ఎక్కడ ఒరుసుకుంటుంది?

అక్క: ముందు నిద్ర. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద చచ్చిపోవాలని ప్రార్థించి పడుకున్నాడు. దూత వచ్చి ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి పెట్టి లేపాడు. ఏలీయా తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి తినిపించాడు. హోరేబు కొండ దాకా 40 రోజుల నడక, దేవునితో మాట్లాడడం, అన్నీ ఆ తర్వాతే. కాబట్టి పరామర్శకు పది మంది వెళ్లడం కంటే ఒక్కరు వెళ్లి నాలుగు గంటలు కూర్చోవడం మేలు. వార్డులో సాధారణంగా ఒక్కరికే పాసు ఉంటుంది. దాన్ని మీరు తీసుకుని వాళ్లను స్నానానికి, నిద్రకు పంపండి.

తమ్ముడు: కూర్చునేవాళ్లకు ఏం తెలిసుండాలి?

అక్క: ఒక కాగితం మీద రోగి నంబరు, చివరి మందు వేసిన టైము, తినదగినవి, తినకూడనివి, ఇంటివాళ్ల ఫోన్ నంబరు రాయించుకోండి. తమిళం రానివాళ్లు మందుల దగ్గరే ఎక్కువ తికమకపడతారు. 'సాప్పాట్టుక్కు మున్నాడియా, పిన్నాడియా?' అని నర్సును అడిగి, తిండికి ముందో తర్వాతో చీటీ మీద తెలుగులో రాసిపెట్టండి. ఆ ఒక్క చీటీ చాలా మేలు చేస్తుంది.

తమ్ముడు: 'ఏదైనా కావాలంటే చెప్పండి' అనే మాట చాలదా?

అక్క: చాలదు తమ్ముడూ. అలసిన మనిషికి ఏం కావాలో ఆలోచించడమే ఇంకో పని. 'రేపు ఏడింటికి ఇడ్లీ తెస్తా, పన్నెండు దాకా ఉంటా' అని చెప్పండి. అది కూడా రోగి ఆహారం సంగతి అడిగాకే. క్యాన్సర్‌కు కీమో నడుస్తుంటే పచ్చి పండ్లు, బయటి చట్నీ డాక్టరు ఒప్పుకోకపోవచ్చు. మీకు జలుబుంటే వెళ్లకండి. ఇంకో పొరపాటు, మొదటి రోజు ఐదు క్యారియర్లు వస్తాయి, పదో రోజుకు ఒక్కటీ రాదు. సంఘంలో నలుగురు వారాలు పంచుకుంటే అది తప్పుతుంది.

తమ్ముడు: ప్రార్థన?

అక్క: చేయండి, ముందు అడిగి. రెండు నిమిషాలు, పక్క మంచానికి వినపడనంత గొంతుతో. విశ్వాసం తక్కువైందనో, ఏదో పాపమనో అనకండి. యోహాను 9లో పుట్టుగుడ్డివాడి గురించి శిష్యులు అలాగే అడిగితే ప్రభువు ఒప్పుకోలేదు.

తమ్ముడు: మరి సాయం చేసేవాళ్లే అలసిపోతే?

అక్క: గలతీ 6 చూడు. రెండో వచనం ఒకరి భారాలు ఒకరు భరించమంటుంది, ఐదో వచనం ఎవరి బరువు వాళ్లే మోయాలంటుంది. గ్రీకులో అవి రెండు వేరు మాటలు, బారోస్, ఫోర్తియోన్. రెండోది మనిషికి తగిన సొంత మూట లాంటిది. వాళ్ల ఇంటి అప్పు లెక్క, అన్నదమ్ముల తగవు మీ నెత్తిన వేసుకోకండి. రాత్రి పడుకునే ముందు ఒక్కో దిగులునీ పేరు పెట్టి చెప్పి, ఇది నా రేపటి పని, ఇది ఇంకొకరితో పంచుకునేది, ఇది ప్రభువుకే వదలాల్సింది అని విడదీసి ప్రార్థించండి. కలిపి మోస్తే నిద్ర పట్టదు.

తమ్ముడు: తోడు మనిషి రెండు వారాలైనా నిద్ర లేకుండా, బతకాలని లేదంటుంటే?

అక్క: ప్రార్థనతో పాటు డాక్టరు కూడా కావాలి. వాళ్లను ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు. ఇక పాసు తిరిగి ఇచ్చేటప్పుడు, మళ్లీ ఎవరు, ఏ రోజు, ఎన్నింటికి వస్తారో ఆ కాగితం కిందే రాసి వాళ్ల చేతికివ్వండి.