కొబ్బరినూనె గడ్డకట్టిన పొద్దు

తమ్ముడు: అందరికీ నమస్కారమండీ. ఈ వారం చలి గురించి మాట్లాడుకుందాం. నేను ఎప్పటిలాగే కాకినాడ నుంచి. అక్క ఆదిలాబాద్ నుంచి. పెళ్ళయి అక్కడికి వెళ్ళి 18 ఏళ్ళు, అక్కడే టీచరు. అక్కా, ఇవాళ పొద్దున ఎంత ఉంది మీ దగ్గర?

అక్క: ఫోన్లో 7 చూపించిందిరా. అయినా ఫోను చూడకముందే తెలిసిపోయింది. పాపకి జడ వేద్దామని కొబ్బరినూనె సీసా వంచితే చుక్క రాలలేదు. వేడినీళ్ళ గిన్నెలో పెట్టి, కాసేపు ఆగి, అప్పుడు వేశాను.

తమ్ముడు: ఇక్కడ మొన్న సీసా అడుగున కాస్త తెల్లగా పేరుకుంది. అమ్మ అది పట్టుకొచ్చి చూపించి ఎంత సంబరపడిందో! "చలి వచ్చేసిందిరా" అని.

అక్క: కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలెడుతుంది. అందుకే కాకినాడలో అదొక పండగ. ఇక్కడ నవంబరు నుంచి రోజూ ఉండే పనే. దోసెల పిండి రాత్రి రుబ్బితే తెల్లారేసరికి పొంగదు. పెరుగు తోడుకోదు. పాలు గోరువెచ్చగా ఉండగానే తోడు వేసి, గిన్నెకి తువ్వాలు చుట్టి, బియ్యం డబ్బాలో పెడతాను. ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది పక్కింటి పెద్దమ్మ నేర్పింది.

తమ్ముడు: అక్కా, నాకు చాలా రోజులుగా బాధగా ఉన్న మాట ఒకటి చెప్తాను. ఆఫీసు కాల్‌లో "ఇక్కడ చలిగా ఉంది" అన్నాను. ఢిల్లీలో ఉండే ఆయన నవ్వేశారు, "మీకు 18కే చలా?" అని. అమెరికాలో ఉన్న మన బాబాయి కొడుకూ అంతే, మైనస్ 20 లెక్క చెప్తాడు.

అక్క: వాడి సంగతి నేను చెప్తా. పోయిన జనవరిలో మా ఇంటికి వచ్చాడు కదా. రెండో రోజే నా దగ్గరకొచ్చి, "అక్కా, అక్కడ బయట మంచున్నా ఇంట్లో టీషర్టుతో తిరుగుతాను. ఇక్కడ ఇంట్లోనే వణుకుతున్నాను" అన్నాడు. అదిరా విషయం! మన ఇళ్ళు ఎండ కోసం కట్టినవి. వేడి పైకి పోవాలని గోడ పైన వెంటిలేటర్లు పెడతాం, వాటికి తలుపులుండవు. కింద చల్లగా ఉండాలని నాపరాళ్ళు పరుస్తాం. మే నెలలో 45 దాకా వెళ్ళే ఊరికి అదే మంచిది. అవే గోడలు, అవే బండలు డిసెంబరులో మనల్ని గడ్డకట్టిస్తాయి. హీటరు ఉండదు. నేనైతే వెంటిలేటర్లలో అట్టముక్కలు కుక్కాను. పొద్దున్నే ఆ బండల మీద వట్టి కాలు పెడితే జివ్వుమని మోకాలి దాకా పాకుతుంది.

తమ్ముడు: వాతావరణ శాఖ కూడా అందరికీ ఒకే కొలత పెట్టదు. నిన్న చదివాను. మైదానాల్లో రాత్రి ఉష్ణోగ్రత 10 లేదా అంతకన్నా తక్కువకి పడి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గితే చలిగాలులు అంటారు. మనలాంటి కోస్తాలో అంతే తేడాతో 15కి దిగినా చలిగాలులే. కొండల మీదైతే సున్నాకి దిగాలి.

అక్క: చూశావా? ఇంక ఆయన నవ్వితే ఈ లెక్క చెప్పు.

తమ్ముడు: చెప్తాను. అవునూ, మాదీ మీదీ తెలుగునేలే కదా, మీకే ఎందుకంత చలి?

అక్క: మీకు సముద్రం ఉందిరా. పగలు తాగిన వేడిని రాత్రంతా వదులుతూ ఉంటుంది, గాలిలో తేమా ఎక్కువే. మాది సముద్రానికి బాగా లోపల, పైగా తెలంగాణకి ఉత్తరపు కొస. మధ్యభారతం మీదుగా పొడిగాలి దిగుతుంది. ఆకాశంలో మబ్బు లేదంటే పగటి వేడి నేలని వదిలి పైకి పోతుంది, ఆపేది ఉండదు. అందుకే మధ్యాహ్నం 28 ఉన్నా తెల్లవారుజామున 7.

తమ్ముడు: నేను చలిని గట్టిగా చూసింది లంబసింగిలోనే. చింతపల్లి దగ్గర, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. దానికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉంటే మనిషి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరట. తెల్లవారుజామున నాలుగింటికి వెళ్ళాం. అప్పటికే కార్లు బారులు తీరి ఉన్నాయి. చిన్నోడు నోట్లోంచి ఆవిరి రావడం మొదటిసారి చూశాడు. "నాన్నా, నేను పొగ వదులుతున్నా!" అని అందరికీ చూపించుకుంటూ తిరిగాడు. వాడి మొహం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

అక్క: అలా చూడటానికి వెళ్ళే చలి వేరు.

తమ్ముడు: అవును. తిరిగి వస్తుంటే, ఇంకా మంచు విడవకముందే, ఆడవాళ్ళు బుట్టలతో కాఫీ తోటలకి వెళ్తున్నారు. పండ్లు కోసే కాలం అది. కొందరికి కాళ్ళకి చెప్పుల్లేవు. మేము రెండేసి స్వెట్టర్లతో ఉన్నాం. కారులో ఇంకెవరం ఏమీ మాట్లాడలేదు.

అక్క: ఇక్కడ పత్తి రైతులు అలాగే ఉంటారు. మార్కెట్‌కి రాత్రే బండి తెచ్చి వరసలో పెట్టుకుని, దాని మీదే గొంగడి కప్పుకుని పడుకుంటారు. ఒంటి కింద క్వింటాళ్ళ పత్తి ఉంటుంది, పైన మాత్రం ఒక్క గొంగడే. ఇంక మా బడి పిల్లలు... హాస్టల్లో వేడినీళ్ళు లేని పొద్దులు ఎన్నో. ఐదింటికి చన్నీళ్ళు పోసుకుని వచ్చి మొదటి పీరియడ్‌లో కూర్చుంటారు. వేళ్ళు కొంకర్లు పోయి పెన్ను పట్టుకోలేరు. అందుకని ఈ రెండు నెలలూ మొదటి పీరియడ్ ఆవరణలో, ఎండలో పెడుతున్నాను. నోట్సు రాయించను, కథలూ ఎక్కాలూ చెప్పిస్తాను. చేతులు వెచ్చబడ్డాకే రాత.

తమ్ముడు: మంచి పని చేస్తున్నావక్కా.

అక్క: వినేవాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు మూసి పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. చలి కాగాలంటే వాకిట్లోనే కాగండి. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్ళని ఎండ వచ్చాకే వాకింగ్‌కి పంపండి. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది.

తమ్ముడు: శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు. అప్పటిదాకా జాగ్రత్త అక్కా. భోగికి మేమందరం అక్కడికే వస్తున్నాం. ఏమైనా తేవాలా?

అక్క: అమ్మ దగ్గర ఆ నేత చీరల బొంత ఉంది చూడు, అంచు ఎర్రగా ఉంటుంది, అది తీసుకురా. ఇక్కడ కొన్న రగ్గులు రెండు కప్పుకున్నా దానంత వెచ్చగా ఉండటం లేదు.