ఫ్లోరిడా యూనివర్సిటీ పర్సనల్ ఫైనాన్స్ కోర్సు: మన రెండు రూపాయల వడ్డీ లెక్కకు పనికొస్తుందా?

నమస్కారం అండీ. ఈరోజు రివ్యూ ఒక ఆన్‌లైన్ కోర్సు మీద. కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడా వాళ్లది, పేరు 'పర్సనల్ అండ్ ఫ్యామిలీ ఫైనాన్షియల్ ప్లానింగ్'. పాఠాలు చెప్పేది ప్రొఫెసర్ మైఖేల్ గట్టర్. నెల్లూరులోనో ఒంగోలులోనో, కావలిలోనో పొదిలిలోనో కూర్చుని దీన్ని చేస్తే ఏం దక్కుతుంది, ఏది మనకు అక్కరకు రాదు, ఎక్కడ పొరపాటు పడతాం, అవి చూద్దాం.

ముందే చెప్పేస్తాం: కోర్సు మంచిది, కానీ మొత్తం చూడక్కర్లేదు. ఇందులో ఉన్న లెక్క ఎక్కడికైనా వర్తిస్తుంది. పన్ను, పెన్షను, బీమా మాత్రం పూర్తిగా అమెరికా సరుకు. అది కోర్సు తప్పు కాదు, వాళ్ల పిల్లల కోసం తయారు చేసుకున్నారు. ఆ భాగాలను మనం మన లెక్కలోకి మార్చుకుంటూ వినాలి. ఎలాగో ఒక్కొక్కటీ చెబుతాం.

మొదటి విషయం వడ్డీ. కోర్సులో వడ్డీ అంటే ఏడాదికి ఇంత శాతం. మన దగ్గర ఎవరూ అలా మాట్లాడరు. 'రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను' అంటారు. అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. రూపాయి వడ్డీ అంటే 12. డ్వాక్రా అక్కలకు బాగా తెలిసిన పావలా వడ్డీ అంటే 3 శాతం. కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంట రుణం 3 లక్షల వరకు గడువులోగా కట్టేస్తే పడేది 4 శాతం, మన భాషలో 33 పైసల వడ్డీ. ఈ మార్పిడి చేతికి రాకుండా కోర్సులోకి దిగితే క్విజ్‌లో పాసవుతారు కానీ ఇంటి లెక్క తేలదు.

అందరూ పడే గోతి కూడా ఇక్కడే. ఎక్సెల్ లాంటి స్ప్రెడ్‌షీట్‌లో కాలాన్ని నెలల్లో పెట్టి, వడ్డీ రేటును ఏడాదిది పెడతారు. నెలలు వేస్తే రేటు కూడా నెలదే వేయాలి, 24 కాదు, 2. ఇంకొకటి, మన 24 శాతం బారు వడ్డీ లెక్క. ప్రతి నెలా వడ్డీ కట్టేస్తుంటే అది 24గానే ఉంటుంది. కట్టకుండా వదిలేసి, ఏడాదికోసారి నోటు తిరగరాస్తే వడ్డీ అసలులో కలుస్తుంది. లక్ష రూపాయలకు అలా మూడేళ్లు తిరగరాస్తే 1,90,662 అవుతుంది. కోర్సులో చెప్పే 72 సూత్రం ఇదే: 72ను వడ్డీ శాతంతో భాగిస్తే, డబ్బు దాదాపు రెట్టింపు కావడానికి పట్టే ఏళ్లు వస్తాయి. 72ను 24తో భాగిస్తే 3. దాచుకునే వాడికి ఎంత బాగుంటుందో అప్పు చేసినవాడికి అంత చేదు.

అదే పాఠాన్ని బండి లోన్ మీద పెట్టి చూడండి. షోరూములో 'పది శాతమేనండీ' అంటారు. లక్ష రూపాయలు, మూడేళ్లు, ఫ్లాట్ 10 శాతం అంటే వడ్డీ 30,000. మొత్తం 1,30,000ను 36తో భాగిస్తే నెల వాయిదా 3,611. ఇప్పుడు షీట్‌లో టైప్ చేయండి: ఈక్వల్ టు రేట్ (RATE), బ్రాకెట్‌లో 36, కామా, మైనస్ 3611, కామా, 100000, బ్రాకెట్ మూసి ఇంటూ 12. వచ్చేది దాదాపు 17.9 శాతం. పది కాదు. ఎందుకంటే అసలు నెలనెలా తగ్గుతున్నా, వడ్డీ మాత్రం చివరి నెల దాకా లక్ష మీదే వేశారు. మైనస్ గుర్తు మర్చిపోతే షీట్ ఎర్రర్ చూపిస్తుంది. చేతికి వచ్చిన డబ్బు ప్లస్, చేతి నుంచి పోయేది మైనస్. ఈ ఒక్క ఫార్ములా వచ్చినా కోర్సు మీద పెట్టిన సమయం గిట్టినట్టే.

ఆక్వా రైతులకు ఇంకో లెక్క. మేత అరువు మీద తెస్తారు కదా, వడ్డీ లేదంటారు. రొక్కం ధర కంటే బస్తాకు 5 శాతం ఎక్కువ వేసి, మూడు నెలల తర్వాత పట్టుబడికి తీసుకుంటున్నారనుకోండి. మూడు నెలలకు 5 అంటే నెలకు రూపాయి అరవై ఆరు పైసలు, ఏడాదికి 20 శాతం. బిల్లులో వడ్డీ అనే మాట ఉండదంతే. ఇలాంటివి ఈ కోర్సులో ఎక్కడా కనిపించవు, సూత్రం మాత్రం ఇదే.

ఇక ఆస్తి అప్పుల పట్టిక, వాళ్లు నెట్ వర్త్ స్టేట్‌మెంట్ అంటారు. కోర్సులో మాకు బాగా నచ్చిన భాగం. ఒక పక్క ఉన్నవి, ఇంకో పక్క కట్టాల్సినవి, తేడా మన నికరం. వాళ్ల నమూనాలో ఇల్లు, కారు, రిటైర్మెంట్ ఖాతా ఉంటాయి. మన పట్టికలో రావాల్సినవి వేరు. పొలం విలువ రాసేటప్పుడు బ్రోకరు చెప్పే ధర వేయొద్దు, రిజిస్ట్రేషన్ విలువా వేయొద్దు. పక్క పొలం ఈ మధ్య నిజంగా ఎంతకు చేతులు మారిందో అది వేయండి. బంగారానికి రాళ్ల బరువు తీసేసి నికర బరువును ఈరోజు 22 క్యారెట్ల ధరతో గుణించండి. తరుగు, మజూరీ ఆ రోజే పోయాయి, వాటిని లెక్కలోకి తేవద్దు. అప్పుల వైపు బ్యాంకు లోనుతో ఆగకండి. కుదవలో ఉన్న నగల మీద బాకీ, ప్రోనోట్లు, చేబదుళ్లు, మేత షాపు ఖాతా, కౌలు బకాయి అన్నీ రాయాలి. ఎవరికైనా హామీ సంతకం పెట్టి ఉంటే అది అప్పుల మొత్తంలో కలపకపోయినా పట్టిక కింద ఒక గీత గీసి రాసుకోండి. ఆయన కట్టకపోతే అది మీ క్రెడిట్ రిపోర్టుకు చుట్టుకుంటుంది.

చీటీ దగ్గర చాలామంది తికమకపడతారు. ఇంకా పాడని చీటీ అయితే ఇప్పటిదాకా కట్టింది మీ ఆస్తి. పాడేసి డబ్బు తీసుకున్న చీటీ అయితే మిగిలిన వాయిదాలన్నీ మీ అప్పు. రెండింటినీ నెల ఖర్చులో పడేస్తే పట్టికే అబద్ధం అవుతుంది.

చీటీ లాభం లెక్క కూడా కోర్సు చెప్పదు, అమెరికా వాళ్లకు చీటీ తెలియదు కాబట్టి. కానీ రేట్ ఫార్ములాతోనే తేలుతుంది. లక్ష రూపాయల చీటీ, 20 మంది, 20 నెలలు. వాటా తగ్గింపులు పోను మీరు కట్టింది సగటున నెలకు 4,300, మొత్తం 86,000. ఆఖరి నెలలో 5 శాతం కమీషన్ పోను 95,000 చేతికి వచ్చింది. '86 వేలకు 9 వేలు, పది శాతం' అనుకుంటారు. ఈక్వల్ టు రేట్, 20, మైనస్ 4300, 0, 95000 అని వేస్తే నెలకు 1.03 శాతం, ఏడాదికి సుమారు 12.4 శాతం వస్తుంది. డబ్బు ఒకేసారి పెట్టలేదు, విడతలుగా పెట్టారు కాబట్టి రాబడి మీరనుకున్న దానికంటే ఎక్కువే. ఒక జాగ్రత్త: మధ్య నెలల్లో పాడినవాళ్లకు ఈ లెక్క సాఫీగా రాదు. కొన్నాళ్లు కట్టి, మధ్యలో తీసుకుని, మళ్లీ కట్టడం వల్ల రాబడి రేటు తేల్చే ఐఆర్‌ఆర్ (IRR) ఫార్ములా ఒక్కోసారి ఎర్రర్ ఇస్తుంది, ఒక్కోసారి ఒకటికి మించి జవాబులు కుదురుతాయి. మొదట పాడినవాడికి అప్పు ఖరీదు, చివర పాడినవాడికి పొదుపు రాబడి, ఈ రెండే నమ్మదగినవి. అయినా ఇదంతా రిజిస్టర్డ్ చీటీ, డబ్బు చేతికి వచ్చినప్పటి మాట. నిర్వాహకుడు ఊరొదిలి వెళ్లిపోతే ఫార్ములా ఏం చేస్తుంది?

బడ్జెట్ పాఠానికి వద్దాం. కోర్సుతో మా అసలు పేచీ ఇక్కడే. నెలనెలా జీతం వస్తుందనే భరోసా మీద ఆ పాఠం నిలబడి ఉంది. కృష్ణపట్నం పోర్టులోనో స్కూల్లోనో ఉద్యోగం అయితే సరిపోతుంది. టంగుటూరు, కొండపి పక్క పొగాకు రైతుకు వేలం మొదలయ్యేదాకా రూపాయి రాదు. ఇందుకూరుపేట, ముత్తుకూరు పక్క రొయ్యల గుంట వేసినవాళ్లకు పంటకోసారే డబ్బు, అదీ వస్తే.

ఒక ఉదాహరణ. మూడేళ్ల నికరం ఇలా ఉందనుకోండి: మొదటి ఏడాది 4,20,000 లాభం, రెండో ఏడాది రొయ్యలకు తెల్లమచ్చ జబ్బు తగిలి 60,000 నష్టం, మూడో ఏడాది 3,60,000 లాభం. మొత్తం 7,20,000, సగటు నెలకు 20,000. కోర్సు పద్ధతిలో ఇంటి ఖర్చు 20,000గా పెట్టుకుంటే మొదటి ఏడాది చివర 1,80,000 మిగులుతుంది. రెండో ఏడాది 60,000 నష్టం, 2,40,000 ఇంటి ఖర్చు. చివరకు 1,20,000 అప్పు. రెండు రూపాయలకు తెస్తే నెలకు 2,400 వడ్డీకే. అదే ఇంటికి 15,000 తీసుకుంటే రెండో ఏడాది చివర నిల్వ సరిగ్గా సున్నా దగ్గర ఆగుతుంది, అప్పు పడదు. సగటు ఒక్కటే చూస్తే చాలదు, నష్టం ఏ ఏడాది వచ్చిందో కూడా చూడాలి. అందుకని పంట డబ్బు ఒక ఖాతాలో, ఇంటి ఖర్చు ఇంకో ఖాతాలో పెట్టి, నెల ఒకటో తారీఖున మీకు మీరే జీతం వేసుకోండి. మూడు నుంచి ఆరు నెలల ఖర్చు అత్యవసర నిధిగా ఉంచుకోమనేది ఇలాంటి కోర్సుల్లో మామూలుగా వినిపించే మాట. గుంట వేసేవాళ్లకు దానిమీద ఒక పంట పెట్టుబడి కూడా ఉండాలి. ధర మన చేతిలో లేదు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు వంద కౌంట్ (కిలోకు వంద తూగే) రొయ్యల ధర ఏమైందో ఈ తీరంలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

పన్నుల మాడ్యూల్ వదిలేయండి, నిజంగా. ఆ ఫారాలు మనకు ఒక్కటీ పనికిరావు. బదులుగా మనవి రెండు విషయాలు తెలుసుకుంటే చాలు. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో 12 లక్షల దాకా మామూలు ఆదాయం మీద రిబేటుతో పన్ను పడదు, జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలిపి 12,75,000. షేర్లు, ఈక్విటీ (షేర్ల) ఫండ్ల లాభం ఈ రిబేటు కిందికి రాదు. రెండోది, వరి, పొగాకు ఆదాయం వ్యవసాయ ఆదాయమే కానీ, రొయ్యల గుంట ఆదాయాన్ని కూడా అదే గాటన కట్టి రిటర్న్ వేయకుండా ఉండొద్దు. దాన్ని వ్యాపార ఆదాయంగా చూస్తారు. ఆడిటర్‌ను అడిగి వేయండి.

మిగతా మార్పిళ్లు వేగంగా. అప్పు తీర్చే తీరును చూపే వాళ్ల ఫైకో స్కోరు 300 నుంచి 850, మన సిబిల్ 300 నుంచి 900. మన దగ్గర నాలుగు క్రెడిట్ బ్యూరోలున్నాయి, ఒక్కొక్కరి దగ్గర ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితం. వాళ్ల డిపాజిట్ బీమా రెండున్నర లక్షల డాలర్లు, మనది ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షలు. వాళ్లు 401కె (ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు) అన్నచోట పీఎఫ్, ఎన్‌పీఎస్ అని వినండి. బీమా పాఠంలో సూత్రం సరైనదే: పొదుపునూ బీమానూ కలపొద్దు. బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 436 రూపాయలకు 2 లక్షల జీవన్ జ్యోతి జీవిత బీమా, 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా ముందు తీసుకుని తర్వాత టర్మ్ పాలసీ (పొదుపు కలపని ఉత్త జీవిత బీమా) సంగతి చూడండి.

మ్యూచువల్ ఫండ్ల పాఠం మాత్రం పూర్తిగా వినాలి. ఫండ్ ఖర్చు ఒక శాతం తేడా ఏం చేస్తుందో అందులో తెలుస్తుంది. మన అంకెల్లో: నెలకు 5,000 సిప్ (ఫండ్‌లో నెలనెలా వేసేది), 20 ఏళ్లు. 12 శాతం వస్తే దాదాపు 49.96 లక్షలు, 11 వస్తే 43.68 లక్షలు. తేడా 6 లక్షల పైచిలుకు. ఏజెంటు కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్, కమీషన్ ఉన్న రెగ్యులర్ ప్లాన్ మధ్య తేడా ఇలాంటిదే. 12 వస్తుందని ఎవరైనా రాసిస్తామంటే మాత్రం అక్కడి నుంచి లేచి రండి.

డబ్బు సంగతి. వీడియోలు ఎన్ని ఉచితంగా వస్తున్నాయో ఎన్‌రోల్ పేజీలో చూసుకుని మొదలుపెట్టండి, ఆ నియమాలు మారుతుంటాయి. ఫైనాన్షియల్ ఎయిడ్‌కు అప్లై చేస్తే జవాబుకు 15 రోజుల దాకా పట్టొచ్చు. ఫ్రీ ట్రయల్ తీసుకుంటే అదే రోజు ఫోన్‌లో అలారం పెట్టండి, గడువు దాటితే కార్డు నుంచి డబ్బు కోసేస్తారు. ఇంగ్లీషు వేగం అందకపోతే సబ్‌టైటిల్స్ పెట్టి 0.75 స్పీడులో వినండి.

విక్రమ సింహపురి యూనివర్సిటీలోనో ఆంధ్ర కేసరి యూనివర్సిటీలోనో డిగ్రీ చదువుతూ క్రెడిట్ల కోసం చేద్దామనుకుంటే ఇది కాదు దారి. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్ కోర్సులు చూడండి, యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా వాటి నుంచి తీసుకోవచ్చు. కాలేజీ ఒప్పుకుంటుందో లేదో ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా అడగండి. అందులో ఐఐటీల వాళ్లు నడిపే ఎన్‌పీటెల్ కోర్సయితే అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 విడివిడిగా రావాలి. పరీక్ష బాగా రాసి అసైన్‌మెంట్లు ఎగ్గొట్టినవాళ్లకు సర్టిఫికెట్ రాదు. ఉద్యోగానికి కాదు, మన చట్టాలు తెలిస్తే చాలనుకునేవాళ్లకు షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ పెట్టిన ఎన్‌ఐఎస్‌ఎం అనే సంస్థ నడిపే సెబీ ఇన్వెస్టర్ సర్టిఫికేషన్ పరీక్ష ఉంది: 50 ప్రశ్నలు, గంట సమయం, సగం వస్తే పాస్, ఫీజు లేదు. ఫ్లోరిడా కోర్సులో వదిలేయమన్న భాగాల్లో కొంత దీని చదువుతో పూడుతుంది.

ఎక్కడ రిజిస్టర్ చేసినా పేరు మాత్రం పదో తరగతి మెమోలో ఉన్నట్టే, ఇంటిపేరు అదే వరుసలో ఇవ్వండి. సర్టిఫికెట్ వచ్చాక దిద్దించుకోవడం పెద్ద తలనొప్పి.