మొబైల్ డేటా ఎటు పోతోంది?

శ్రోతలకు నమస్కారం. రాత్రంతా ఫోన్ ముట్టుకోకపోయినా తెల్లారేసరికి డేటా తరిగిపోయి ఉంటుంది. సిమ్ కంపెనీని అనుమానించే ముందు ఫోన్‌లోనే లెక్క చూడండి.

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ భాగం తెరిస్తే డేటా యూసేజ్ కనిపిస్తుంది. ఎక్కువ లాగిన యాప్ పైన ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో దాని మీద నొక్కితే రెండు అంకెలు వస్తాయి: మనం తెరిచి వాడింది ఒకటి, బ్యాక్‌గ్రౌండ్‌లో దానంతటది వాడుకున్నది ఇంకొకటి. రెండోది పెద్దగా ఉంటే బ్యాక్‌గ్రౌండ్ డేటాను అక్కడే ఆపేయండి. మెసేజ్‌ల యాప్‌లకు మాత్రం ఆపకండి. ఆపితే యాప్ తెరిచేదాకా కబుర్లు అందవు, అర్జంటు విషయమైతే నష్టమే.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు వీడియోది. 1080 నాణ్యతలో గంటసేపు చూస్తే ఒకటిన్నర జీబీకి పైనే కావచ్చు. 480కి దింపితే సుమారు అర జీబీతో సరిపోతుంది. అరచేతిలో ఇమిడే తెర మీద ఆ తేడాను కన్ను అంతగా పట్టుకోదు. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో వీడియో క్వాలిటీ దగ్గర మొబైల్ నెట్‌వర్క్‌కు డేటా సేవర్ ఎంచుకోండి. వైఫైకి విడిగా పెట్టుకోవచ్చు కాబట్టి ఇంట్లో చూసే బొమ్మకు ఏ లోటూ రాదు.

వాట్సాప్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్లి, మొబైల్ డేటా వాడేటప్పుడు అన్నచోట టిక్కులన్నీ తీసేయండి. కావలసిన ఫొటోను నొక్కితేనే దిగుతుంది. ఫొటోల బ్యాకప్, యాప్ అప్‌డేట్లు కూడా వైఫైలోనే జరిగేలా పెట్టండి.

వైఫై ఉన్నా డేటా కరుగుతోందంటే కారణం బలహీనమైన సిగ్నల్ కావచ్చు. రౌటర్‌కు దూరంగా గోడ అవతల కూర్చుంటే కొన్ని ఫోన్లు చెప్పకుండానే మొబైల్ డేటాకు మారిపోతాయి. ఐఫోన్‌లో ఈ పని చేసేది వైఫై అసిస్ట్. మొబైల్ డేటా పేజీలో అట్టడుగున ఉంటుంది, ఆపేయవచ్చు.

హాట్‌స్పాట్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ల్యాప్‌టాప్ దాన్ని మామూలు వైఫై అనుకుని పెద్ద పెద్ద అప్‌డేట్లు దించేస్తుంది, ఒక్క పూటలో రోజు కోటా మాయం. విండోస్‌లో ఆ వైఫై పేరు ప్రాపర్టీస్ తెరిచి మీటర్డ్ కనెక్షన్, అంటే డేటాను పొదుపుగా వాడాల్సిన కనెక్షన్ అనే గుర్తు, ఆన్ చేయండి. ఒకసారి చేస్తే ఆ పేరుకు అది గుర్తుంటుంది. హాట్‌స్పాట్ పేరు మార్చితే మాత్రం మళ్లీ పెట్టుకోవాలి.