కంప్రెసర్ మార్చే ముందు గాలి ఎక్కడ పోతోందో చూడండి: క్యారవాన్ ఎయిర్ సస్పెన్షన్ గురించి ఒక కర్నూలు మెకానిక్‌తో

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్ కర్నూలు నుంచి రికార్డ్ చేస్తున్నాం. మనం కూర్చున్నది షెడ్డులోనే కాబట్టి మధ్యలో గ్రైండర్ శబ్దం వస్తుంది, కొంచెం సర్దుకోండి. బస్ ఛాసీ మీద క్యారవాన్ కట్టించుకుని గండికోట, బెలూం గుహలు, లేపాక్షి అని తిరిగేవాళ్ళ కోసం ఈ ఎపిసోడ్. నాతో ఉన్న అన్న చాలా ఏళ్ళుగా బస్సుల ఎయిర్ సస్పెన్షన్ పనే చేస్తున్నారు. అన్నా, మీ దగ్గరికి బండి తెచ్చేవాళ్ళు ఎక్కువగా ఏం చెప్తారు?

మెకానిక్: కంప్రెసర్ పోయింది, కొత్తది వేయమంటారు. నూటికి తొంభై మంది కాదు, దాదాపు అందరూ అదే మాట. నేను మాత్రం కంప్రెసర్ ముట్టుకోను తమ్ముడూ, ముందు గాలి ఎక్కడ పోతోందో చూస్తా. ఎందుకంటే కంప్రెసర్ ఊరికే చావదు. ఎక్కడో సన్నగా లీక్ ఉంటుంది, గాలి ట్యాంకులో ప్రెషర్ నిండదు, నిండకపోతే అది ఆగదు, ఆగకపోతే వేడెక్కుతుంది, వేడెక్కితే రింగులు అరిగి నూనె కూడా గాలితోపాటు పైపుల్లోకి నెట్టడం మొదలుపెడుతుంది. చిన్న వ్యాన్లలో విడిగా పెట్టించుకునే 12 వోల్టుల కంప్రెసర్ అయితే ఇంకా తొందరగా పోతుంది, అది గంటల తరబడి తిరగడానికి చేసింది కాదు. లీక్ అలాగే ఉంచి కొత్త కంప్రెసర్ వేస్తే అదీ అదే దారి పడుతుంది. ఓనరు డబ్బులు రెండుసార్లు పోతాయి.

హోస్ట్: కొత్తగా వింటున్నవాళ్ళకి అసలు ఇది ఎలా పనిచేస్తుందో ఒకసారి చెప్పండన్నా.

మెకానిక్: కమాన్ కట్టల బదులు యాక్సిల్‌కి, ఛాసీకి మధ్య రబ్బరు బెలోలు ఉంటాయి, వాటిలో గాలే బరువు మోస్తుంది. పక్కన లెవలింగ్ వాల్వ్ అని ఒకటి, దానికి చిన్న చెయ్యి, ఆ చేతి నుంచి యాక్సిల్‌కి ఒక సన్నటి రాడ్డు. బాడీ కిందికి దిగితే చెయ్యి పైకి లేస్తుంది, వాల్వ్ గాలి ఎక్కిస్తుంది. బాడీ పైకి లేస్తే గాలి వదిలేస్తుంది. అంతే. చాలా బస్ ఛాసీల్లో ముందు ఒకటి, వెనక రెండు వాల్వులుంటాయి. గాలి వచ్చేది బ్రేకులకు గాలి ఇచ్చే కంప్రెసర్ నుంచే, ఇది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి. మధ్యలో ప్రొటెక్షన్ వాల్వ్ ఉంటుంది కాబట్టి ఒక బెలో పగిలినంత మాత్రాన బ్రేక్ గాలి మొత్తం పోదు, కానీ ఆ వాల్వ్ కూడా మంచి కండిషన్‌లో ఉండాలి కదా. ఆత్మకూరు నుంచి దోర్నాల వైపు నల్లమల ఘాట్ ఎక్కేవాళ్ళు బయలుదేరే ముందు గాలి ప్రెషర్ చూపించే గేజు చూడకుండా కదలకూడదు. బజర్ మోగినా, ఎర్ర లైటు వచ్చినా బండి పక్కకు తీసి ఆపాల్సిందే, "ఇంకో పది కిలోమీటర్లే" అనే మాటే వద్దు.

హోస్ట్: సరే, లీక్‌ని ఇంటి దగ్గర ఓనరే పట్టుకోగలడా?

మెకానిక్: బాగా పట్టుకోగలడు. సమతలంగా ఉన్న చోట బండి పెట్టి, ప్రెషర్ పూర్తిగా ఎక్కనివ్వాలి, చాలా ఛాసీల్లో అది 8 బార్ దగ్గర ఆగుతుంది. తర్వాత ఇంజిన్ ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి పైన ఆర్చ్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోవాలి. పొద్దున లేచి మళ్ళీ కొలవాలి. ఒక మూల మాత్రమే దిగితే ఆ బెలో గానీ, దాని పైపు గానీ. ముందు భాగం మొత్తం సమానంగా దిగితే ముందు వాల్వ్‌ని, దానికి కలిసిన పైపుల్ని, బెలోల్ని అనుమానించాలి. బాడీ కదల్లేదు, గేజు మాత్రం పడిపోయిందంటే లీక్ బ్రేక్ లైన్‌లోనో ట్యాంకు దగ్గరో ఉంది. మన కర్నూలు ఎండల్లో పగలు 40 దాటి, రాత్రి చల్లబడితే గాలి ముడుచుకుని ప్రెషర్ కొంచెం తగ్గుతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. వేళ్ళ మందాన దిగితేనే వెతకాలి.

ఎక్కడని తెలిశాక సబ్బు నీళ్ళు. స్ప్రే బాటిల్‌లో కలుపుకుని పైపు జాయింట్ల మీద, బెలో పైనా కిందా రబ్బరు పట్టుకునే చోట, రబ్బరు మడత పడే చోట కొట్టండి. బుడగ వస్తే అదే. చాలాసార్లు బెలో బాగానే ఉంటుంది, పైపును ఎవరో బ్లేడుతో వంకరగా కోసి కనెక్టర్‌లో దూర్చి ఉంటారు, అక్కడ కారుతుంది. నిటారుగా కోసి మళ్ళీ పెడితే పైసా ఖర్చు లేదు. సైలెన్సర్ దగ్గరగా వెళ్ళే పైపు మెత్తబడి ఉందేమో కూడా చూడాలి.

హోస్ట్: దీనికి బండి కిందకి దూరాలి కదా అన్నా.

మెకానిక్: అక్కడే ఆగు. ఎయిర్ సస్పెన్షన్ బండి కిందకి ఊరికే దూరకూడదు. పైపు ఊడినా, బెలో పగిలినా బాడీ ఒక్కసారిగా కిందికి వస్తుంది, తప్పుకునే టైమే ఉండదు. చక్రాలకు అడ్డు పెట్టి, ఛాసీ కింద స్టాండ్లు గానీ గట్టి చెక్క దిమ్మెలు గానీ పెట్టాకే తల పెట్టాలి. జాకీ ఒక్కదాన్నీ నమ్మొద్దు. నా షెడ్డులో పిల్లలకు మొదటి రోజు నేర్పేది ఇదే, పానా పట్టుకోవడం తర్వాత.

హోస్ట్: మన దగ్గర దుమ్ము సంగతి? ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు వెళ్ళొస్తే బండి మొత్తం తెల్లగా అయిపోతుంది.

మెకానిక్: సిమెంటు దుమ్ము, కడప బండల పొడి, బేతంచెర్ల వైపు పాలిష్ పొడి, తాడిపత్రి వైపు గ్రానైట్ పొడి. ఇది చాలా ముఖ్యం. బెలో కింది భాగంలో పిస్టన్ ఉంటుంది, రబ్బరు దాని మీద మడత పడుతూ దొర్లుతుంది. ఆ మడతలో ఈ పొడి చేరిందనుకో, ప్రతి గుంతకూ గరుకు కాగితంలా రబ్బరును అరగదీస్తుంది. అందుకే అటు వెళ్ళొచ్చిన ప్రతిసారీ బెలోలను సబ్బు నీళ్ళతో కడిగి మడతల్లోది పోయేదాకా నీళ్ళు కొట్టాలి. వాటర్ సర్వీసింగ్ వాళ్ళకు ముందే చెప్పాలి, డీజిల్, కిరోసిన్ స్ప్రే చేయొద్దని. ఇనుముకు అది మెరుపు ఇస్తుందేమో గానీ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. గ్రీసు కూడా అంతే.

ఇంకోటి, వెల్డింగ్. క్యారవాన్ కట్టేటప్పుడు నీళ్ళ ట్యాంకుకు, బ్యాటరీ పెట్టెకు కింద బ్రాకెట్లు వెల్డింగ్ చేస్తారు. నిప్పురవ్వ ఒక్కటి బెలో మీద పడితే చాలు. తడిగోనె కప్పి చేయమని పక్కన నిలబడి చెప్పండి.

హోస్ట్: నీళ్ళ ట్యాంకు అన్నారు కాబట్టి, బరువు ఒక పక్కకి పడితే?

మెకానిక్: 200 లీటర్ల ట్యాంకు అంటే 200 కిలోలు, దానికి ఎదురుగా ఏమీ లేకపోతే ఆ పక్క బెలో ఎప్పుడూ ఎక్కువ ప్రెషర్‌తోనే ఉంటుంది. బండి వంగినట్టు కనిపించదు, ఎందుకంటే వాల్వ్ సరిచేసేస్తుంది. అందుకే చాలామందికి తెలియదు. నీళ్ళు ఒక పక్క పెడితే బ్యాటరీలు, గ్యాసు రెండో పక్క పెట్టించండి. బాడీ ఎత్తు పెంచాలని వాల్వ్ రాడ్డు పొడవు మార్చేవాళ్ళూ ఉన్నారు, స్పీడ్ బ్రేకర్లకు తగలకుండా అంటారు. వద్దు. గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్‌ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి, దాని జాయింట్లలోని క్రాస్ బేరింగులు పోతాయి, బెలో ఎప్పుడూ సాగి ఉంటుంది. కంపెనీ ఇచ్చిన ఎత్తే ఎత్తు.

హోస్ట్: తేమ గురించి కూడా చెప్పండి.

మెకానిక్: గాలిని నొక్కితే వేడెక్కుతుంది, చల్లబడ్డాక అందులోని తేమ నీరై గాలి ట్యాంకు అడుగున చేరుతుంది. గాలిలో తేమ పీల్చే డ్రయర్ దాన్ని ఆపాలి. ట్రిప్పుకు ముందు ట్యాంకు కింద రింగు లాగి చూడండి. పొడి గాలి వస్తే డ్రయర్ బాగుంది. నీళ్ళు వస్తే డ్రయర్‌లో తేమ పీల్చే డబ్బా, అంటే కార్ట్రిడ్జ్, మార్చే టైం అయింది. పాలలాగా తెల్లగా, జిడ్డుగా వస్తే కంప్రెసర్ నూనె పంపుతోంది, అప్పుడు కార్ట్రిడ్జ్ ఒక్కటి మార్చి లాభం లేదు. క్యారవాన్ ఓనర్లు చేసే లెక్క ఏంటంటే, "నా బండి ఎక్కువ తిరగలేదు కదా" అని. బస్సు రోజూ తిరుగుతుంది, దానికి కిలోమీటర్ల లెక్క. మీ బండి నెలలు నిలబడి ఉంటుంది, దానికి కాలం లెక్క. నిలబడితే రబ్బరు ఎండకు చీలికలు పడుతుంది, గాలి దిగిపోయి ముడుచుకున్న బెలో అక్కడే మడత చీలుతుంది. నీడలో పెట్టండి, పదిహేను రోజులకోసారి ప్రెషర్ నింపి కాసేపు రోడ్డు మీద తిప్పుకురండి, ఊరికే ఇంజిన్ స్టార్ట్ చేసి ఆపేయడం కాదు.

హోస్ట్: షాకబ్జర్లు?

మెకానిక్: వాటిని మర్చిపోతారు. చాలా బండ్లలో యాక్సిల్ ఎంత కిందికి వేలాడాలో ఆపేది షాకబ్జరే. దాని బోల్టు ఊడితే గుంతలో చక్రం దిగినప్పుడు బెలో పూర్తిగా సాగి పైన ఊడిపోతుంది. నూనె కారుతున్నా, బుష్ కొట్టుకుంటున్నా వెంటనే మార్చాలి.

హోస్ట్: వింటున్నవాళ్ళు పంపిన ఒక ప్రశ్న ఉంది. ఒక బెలో పోతే ఒకటే మార్చాలా, రెండూ మార్చాలా?

మెకానిక్: రాయి తగిలి కోసుకుపోయింది, రెండోది కొత్తగా ఉంది అంటే ఒకటి చాలు. వయసు అయిపోయి చీలిందంటే అదే యాక్సిల్ మీద రెండోదానికీ అదే వయసు, రెండూ మార్చండి. రబ్బరు మీద తయారైన తేదీ అచ్చు వేసి ఉంటుంది, కొనేటప్పుడు కూడా అది చదవండి, షాపులో ఏళ్ళ తరబడి ఉన్న పాత సరుకు తీసుకోవద్దు. పాతది విప్పాక కింద పిస్టన్ తుప్పు పట్టి గరుకుగా ఉందేమో చెయ్యి పెట్టి చూడాలి, ఉంటే అదీ మార్చించండి, లేకపోతే కొత్త రబ్బరును అదే కోసేస్తుంది.