పాతిక సెంట్ల కలుపు

శ్రోతలందరికీ నమస్కారం.

1756 జూన్ నెలాఖరులో ఇలియాస్ బాల్ అనే భూస్వామి తన లెక్కల పుస్తకంలో ఒక కొనుగోలు రాసుకున్నాడు. నలుగురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. సాంకో, 9 ఏళ్ళు. పీటర్, 7. బ్రూటస్, 7. హ్యారీ, 6. బెలిండా, 10. ప్రిసిల్లా, 10. వయసులు మనిషిని చూసి అంచనాగా వేసినవి. ఆరుగురికీ కలిపి 600 పౌండ్లు. ఆ పేర్లేవీ వాళ్ళ అమ్మానాన్నలు పెట్టినవి కావు.

ఇది జరిగింది దక్షిణ కరోలినాలో. ఇవాళ అది అమెరికాలో ఒక రాష్ట్రం, అప్పుడు ఇంగ్లీషువాళ్ళ వలస. ఆరేళ్ళ పిల్లాణ్ణి అక్కడ ఏ పని కోసం కొన్నారో తెలియాలంటే వరి గురించి మాట్లాడుకోవాలి.

1663లో ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ తనకు అండగా నిలిచిన ఎనిమిది మంది ప్రభువులకు ఆ ప్రాంతమంతా రాసిచ్చేశాడు. అక్కడ తరతరాలుగా బతుకుతున్న తెగలను ఎవరూ అడగలేదు. 1670లో చార్లెస్టన్ ఊరు మొదలైంది. వచ్చినవాళ్ళలో చాలామంది వెస్టిండీస్‌లోని బార్బడోస్ దీవి నుంచి వచ్చారు. చెరకు తోటలు ఆ చిన్న దీవిని పూర్తిగా ఆక్రమించేశాయి. భూమి దొరకనివాళ్ళు తమ బానిసలను వెంటబెట్టుకుని ఇటు బయల్దేరారు. బానిసల చట్టం కూడా వాళ్ళతోనే వచ్చింది. 1661లో బార్బడోస్‌లో చేసిన చట్టాన్ని చూసి 1696లో కరోలినా తన చట్టం రాసుకుంది. పైగా మనుషులను తెచ్చినవాడికి తలకింత అని భూమి ఇచ్చేవారు. బానిసను తెచ్చినా ఆ భూమి యజమానికే వచ్చేది. ఎంతమందిని కొంటే అంత పొలం.

మొదట్లో పశువులు, కలప, జింక చర్మాలతో వ్యాపారం సాగింది. చుట్టుపక్కల తెగల వాళ్ళను కూడా పట్టుకుని బానిసలుగా అమ్మారు. 1708 నాటి లెక్క చూడండి: తెల్లవాళ్ళు 4,080 మంది, నల్లజాతి బానిసలు 4,100 మంది, స్థానిక తెగల నుంచి బానిసలైనవాళ్ళు 1,400 మంది. స్వేచ్ఛగా ఉన్నవాళ్ళ కంటే బానిసలుగా ఉన్నవాళ్ళే ఎక్కువ.

వరి నిలదొక్కుకున్నది 1690ల తర్వాత. మడగాస్కర్ నుంచి వచ్చిన ఒక ఓడ కెప్టెన్ కాసిని విత్తనాలు ఇచ్చి వెళ్ళాడని, అక్కడితో వరి మొదలైందని చాలాకాలం చెప్పుకున్నారు. వరి చేలో దిగినవాళ్ళకు తెలుసు, విత్తనం ఉన్నంత మాత్రాన పంట రాదు. నీళ్ళు ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు తీసేయాలి, గట్టు ఎక్కడ తెగుతుంది, ఇవన్నీ చేత్తో నేర్చుకోవాల్సినవి. ఇంగ్లండులో వరి పండదు. పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్, గాంబియా, సియెరా లియోన్ తీరాల్లో మాత్రం వేల ఏళ్ళుగా పండుతోంది, అదీ వాళ్ళ సొంత జాతి వరి. చార్లెస్టన్ పత్రికల్లో బానిసల అమ్మకం ప్రకటనలు "వరి పండే దేశం నుంచి" అని ప్రత్యేకంగా చెప్పేవి. ఆఫ్రికన్ల అనుభవం పాత్ర ఎంత అన్నదాని మీద చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నాకైతే వరి పనిలో వాడిన పనిముట్లే పెద్ద సాక్ష్యంలా కనిపిస్తాయి.

విత్తనం వేసి పాదంతో మట్టి కప్పడం ఆఫ్రికాలో ఉంది, కరోలినాలోనూ ఉంది. దుంగను తొలిచిన రోలు, పొడవాటి చెక్క రోకలి అక్కడా ఇక్కడా ఒకటే. రెల్లును చుట్టలు చుట్టి, తాటి జాతి ఆకుతో కుట్టిన వెడల్పాటి గుండ్రటి చేట కూడా అంతే. ఆ చేటలో పోసి ఎగరేస్తే ఊక గాలికి పోయి బియ్యం మిగిలేది. ఆ అల్లిక ఇప్పటికీ చార్లెస్టన్ దగ్గర బతికే ఉంది. రోడ్డు పక్కన కూర్చుని ఆడవాళ్ళు బుట్టలు అల్లి అమ్ముతారు.

పొలం తయారుచేయడమే ఒక నరకం. సైప్రస్ చెట్ల చిత్తడి నేలలను గొడ్డళ్ళతో నరికి, పారలతో మైళ్ళకు మైళ్ళు గట్లు పోశారు. తర్వాతి కాలంలో సముద్రం పోటుకు నది నీరు పైకి లేచినప్పుడు తూములు తెరిచి మడులు నింపేవారు, ఆటుకు ఖాళీ చేసేవారు. పనిని కొలతలు వేసి ఇచ్చేవారు. పాతిక సెంట్ల నేల కలుపు ఒక మనిషికి ఒక రోజు. అది ముగిస్తే మిగిలిన పొద్దు వాళ్ళది, సొంత కూరపాదులకు. మోకాలి లోతు నీళ్ళు, పాములు, మలేరియా. ఎండాకాలం వస్తే యజమానులు జ్వరాలకు భయపడి ఊళ్ళకు వెళ్ళిపోయేవారు. కూలివాళ్ళు వెళ్ళేవారు కాదు. తప్పు, కూలివాళ్ళు అనకూడదు. వాళ్ళకు కూలి లేదు.

కోతలయ్యాక దంపుడు. నీటి మిల్లులు వచ్చేదాకా వడ్లన్నీ చేత్తోనే దంచాలి. తెల్లవారకముందు కొంత, చీకటి పడ్డాక కొంత. మధ్యలో పగలంతా వేరే పని. ఇంట్లో నాలుగు శేర్లు దంచినా భుజాలు పడిపోతాయి. 1770 నాటికి కరోలినా నుంచి ఏటా 6 కోట్ల పౌండ్ల బరువుకు పైగా బియ్యం ఓడలెక్కి హాలండుకు, జర్మనీకి, పోర్చుగల్‌కు, చెరకు దీవులకు పోయేది.

1739 సెప్టెంబరు 9న స్టోనో నది దగ్గర సుమారు ఇరవై మంది బానిసలు ఆయుధాల కొట్టు మీద పడ్డారు. నాయకుడి పేరు జెమ్మీ. డప్పులు కొట్టుకుంటూ స్పెయిన్ వాళ్ళ ఫ్లోరిడా వైపు నడిచారు, అక్కడికి చేరినవాళ్ళకు స్వేచ్ఛ ఇస్తారని. దారిలో ఇంకా చాలామంది కలిశారు. సాయంత్రానికల్లా సాయుధ దళం వాళ్ళను చుట్టుముట్టింది. మరుసటి ఏడు వచ్చిన చట్టం బానిసలకు రాత నేర్పడాన్ని నిషేధించింది, డప్పులనూ నిషేధించింది. యజమానులు మితిమీరకుండా అదే చట్టం ఒక హద్దు కూడా పెట్టింది. వేసవిలో రోజుకు 15 గంటలకు మించి పని చేయించకూడదట! మామూలుగా ఎంత చేయించేవారో దీన్నిబట్టి ఊహించుకోండి.

బాల్ కొన్న ఆ పదేళ్ళ ప్రిసిల్లా ఎక్కిన ఓడ సియెరా లియోన్‌లోని బన్స్ దీవి నుంచి బయల్దేరింది. ఆ దీవిలోని కోట లండన్ వ్యాపారి రిచర్డ్ ఆస్వాల్డ్‌ది, అతని భాగస్వాములది. చార్లెస్టన్‌లో ఆ మనుషులను సరుకులా అమ్మిపెట్టింది అక్కడి వ్యాపారి హెన్రీ లారెన్స్. 1782లో అమెరికా స్వాతంత్ర్య ఒప్పందం రాసుకునేటప్పుడు బ్రిటన్ తరఫున ఆస్వాల్డ్, అమెరికా ప్రతినిధుల్లో ఒకడిగా లారెన్స్ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. పాత లావాదేవీల స్నేహితులు.

ప్రిసిల్లా 1811 దాకా బతికింది. పది మంది పిల్లల్ని కన్నది. బాల్ కుటుంబం లెక్కల పుస్తకాలు పారేయకుండా దాచుకోవడం వల్ల ఆమె వంశం తరం తర్వాత తరం దొరికింది. 2005లో ఆమె ఏడో తరం మనవరాలు, చార్లెస్టన్‌లోనే పుట్టి పెరిగిన అమ్మాయి, సియెరా లియోన్ వాళ్ళు పిలిస్తే వెళ్ళింది. బన్స్ దీవిలో, ప్రిసిల్లాను ఓడ ఎక్కించిన రేవు దగ్గర, 249 ఏళ్ళ తర్వాత ఆ ఇంటి మనిషి మళ్ళీ అడుగుపెట్టింది.