ఆ నిచ్చెన ఎవరు కట్టారు?

వేదిక మీది పెద్దలకు, ఓడల మీద పనికి చదువుకుంటున్న మీకు నమస్కారం. ఈ రోజు ఏప్రిల్ 5, జాతీయ నౌకాయాన దినోత్సవం. 1919లో ఇదే రోజున భారతీయ కంపెనీ ఓడ లాయల్టీ బొంబాయి నుంచి లండన్ బయల్దేరిన సంగతి ప్రిన్సిపాల్ గారు ఇందాకే వివరంగా చెప్పారు.

నన్ను పెద్ద ఓడల గురించి మాట్లాడమన్నారు. 2021 మార్చిలో సూయజ్ కాలువకు అడ్డంపడి ఆరు రోజులు కదలని ఎవర్ గివెన్ మీకు గుర్తుండే ఉంటుంది. పొడవు 400 మీటర్లు, వెడల్పు 59. సరుకు నింపే ఇరవై అడుగుల పెట్టెలు, అంటే కంటైనర్లు, ఇరవై వేలకు పైగా పడతాయి. అప్పుడు నడిపినవాళ్లు 25 మంది, అందరూ మన దేశంవాళ్లే. ఒక్కసారి ఆలోచించండి, అంత ఓడకు 25 మంది!

ఇలాంటి ఓడకు బ్రేకులుండవు. ఇంజిన్ ఆపినా మైళ్లకొద్దీ సాగిపోతుంది. వేగం బాగా తగ్గితే చుక్కాని మాట వినదు, అందుకే రేవులో టగ్గులు, అంటే ఓడను లాగి నెట్టే చిన్న పడవలు, కావాలి. ఎత్తుగా పేర్చిన పెట్టెలు గాలికి తెరచాపలా పనిచేస్తాయి. గట్టుకు దగ్గరగా పోతే ఓడ వెనక భాగాన్ని నీరే గట్టువైపు లాగేస్తుంది. ఇవన్నీ మీరు సిమ్యులేటర్ మీద నేర్చుకుంటారు. నేను నిచ్చెన గురించి చెప్తాను.

ఎంత పెద్ద ఓడైనా, దాన్ని రేవులోకి తీసుకురావడానికి ఎదురెళ్లే నాలాంటి పైలట్ ఎక్కేది తాడు నిచ్చెన మీదే. ఎక్కాల్సిన ఎత్తు తొమ్మిది మీటర్లు దాటితే ఓడ పక్కనుండే మెట్లదారి, గ్యాంగ్‌వే, కూడా దించి రెండూ కలపాలి. విశాఖ బయట ఒక తెల్లవారుజామున, ఖనిజం కోసం ఖాళీగా వచ్చిన ఓడ. ఖాళీ ఓడంటే గోడలా లేచి ఉంటుంది. నాలుగు మెట్లు ఎక్కానో లేదో ఎడమ తాడు జారి నిచ్చెన మెలి తిరిగింది. "సార్, దూకెయ్యండి!" అని నన్ను తెచ్చిన లాంచ్ పడవ నడిపే సారంగు అరిచాడు. దూకాను. మోకాలి చిప్ప పగిలింది. ఇంకో నాలుగు మెట్లు ఎక్కి ఉంటే ఈ రోజు మీ ముందు ఉండేవాణ్ణి కాదు.

రెండు రోజులకు ఆసుపత్రికి ఒక కుర్రాడు వచ్చాడు. కాకినాడ వైపు వాడు, ఆ ఓడలో పని నేర్చుకుంటున్న క్యాడెట్. ఆ నిచ్చెన కట్టింది తనే. రాత్రంతా డ్యూటీ చేసి, ఒక్కడే కట్టాడు. రెయిలింగ్‌కి కట్టేశాడు. "ఎవరూ చూపించలేదండి" అని ఏడ్చాడు. వాణ్ణి నేనేమనగలను? ఆఫీసర్ దగ్గరుండి కట్టించాలని రూల్ ఉంది. ఆ ఆఫీసర్ రాలేదు. ఓడ ఎంత పెరిగినా మనుషులు పెరగలేదు, ఉన్నవాళ్లకు నిద్ర లేదు.

బాబూ, రేపు ఆ ఆఫీసర్లు మీరే. నిద్ర ముంచుకొస్తున్నా సరే, వెళ్లి తాడు పట్టుకుని చూడండి. రెయిలింగ్‌కి కాదు, డెక్ మీది గట్టి రింగులకు కట్టించండి. ఇంకా రాసుకొచ్చిన కాగితాలున్నాయి, వాటిని పక్కన పెట్టేస్తున్నాను. సంచిలో తాడు తెచ్చాను. రోలింగ్ హిచ్ ముడి వేసి చూపిస్తాను, ముందు వరసలోంచి ఇద్దరు లేచి రండి.