బాలల దినోత్సవానికి ఏ యానిమేషన్ సినిమా వేద్దాం?

అందరికీ నమస్కారం. నవంబరు 14 దగ్గర పడేకొద్దీ స్టాఫ్ రూముల్లో ఒక మాట వినిపిస్తూ ఉంటుంది: "యానిమేషనే కదండీ, ఏదో ఒకటి పెట్టేద్దాం." ఒకటో తరగతి పిల్లలూ ఏడో తరగతి పిల్లలూ ఒకే హాల్లో కూర్చునే చోట ఆ "ఏదో ఒకటి" దగ్గరే చిక్కు వస్తుంది.

ముందు సర్టిఫికెట్ సంగతి. 2023 చట్ట సవరణతో మన సెన్సారు బోర్డు యుఏని (పెద్దల సలహాతో పిల్లలు చూడొచ్చనే సర్టిఫికెట్) మూడుగా విడదీసింది: యుఏ 7+, యుఏ 13+, యుఏ 16+. ఇవి తల్లిదండ్రులకు సలహాలు, నిషేధాలు కావు. ఓటీటీలో కనిపించే గుర్తులు 2021 నిబంధనల ప్రకారం ఆయా సంస్థలు తమంతట తామే వేసుకునేవి. పైగా సర్టిఫికెట్ శాశ్వతం కాదు. కుందేళ్ల కథతో 1978లో వచ్చిన ‘వాటర్‌షిప్ డౌన్’కి బ్రిటన్‌లో యు, అంటే అందరూ చూడొచ్చనే సర్టిఫికెట్ ఇచ్చారు. అందులోని నెత్తురు చూసి పిల్లలు హడలిపోయారని ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. దాన్ని పీజీకి, అంటే పెద్దల సలహాతో చూడాలనే గుర్తుకి మార్చడానికి 40 ఏళ్లు పైనే పట్టింది. కాబట్టి సర్టిఫికెట్ చూసి కొన్ని సినిమాలను పక్కన పెట్టవచ్చు గానీ, దాన్ని చూసే ఎంపిక ముగించకూడదు.

అసలు చూడాల్సింది భయం. అది ఉండకూడదని కాదు, భయమే లేని కథ పిల్లలకూ విసుగే. ఎక్కడ మొదలైంది, ఎంతసేపటికి తీరింది అన్నదే లెక్క. ‘ఫైండింగ్ నీమో’ మొదట్లోనే పెద్ద చేప మీద పడుతుంది, తల్లి పోతుంది. కానీ చంపడం తెర మీద చూపించరు. మిగిలిన ఒక్క గుడ్డును తండ్రి దగ్గరకు తీసుకుంటాడు, ఆ వెంటనే బడికెళ్లే ఉదయం వచ్చేస్తుంది. ‘ది లయన్ కింగ్’లో అలా కాదు. తండ్రి శవాన్ని సింహం పిల్ల లేపడానికి చూస్తుంది, బాబాయి వచ్చి తప్పు నీదేనంటాడు, ఆపైన హైనాలు వెంటపడతాయి. ఊరట దొరికేసరికి ఒకటో తరగతి పిల్ల ఏడుపు మొదలెట్టేస్తుంది. రెండూ గొప్ప సినిమాలే. చిన్న తరగతులకు మొదటిది వేయొచ్చు, రెండోది నాలుగో తరగతి నుంచి వేస్తే మేలు.

వయసును బట్టి భయపెట్టేదీ మారుతుంది. ఏడేళ్లలోపు వాళ్లను ఆకారం భయపెడుతుంది: కోరలు, మెరిసే కళ్లు, ఉన్నట్టుండి రూపం మారిపోవడం. వాళ్లకు "అది నిజం కాదమ్మా" అంటే పెద్దగా పనిచేయదు, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే పనిచేస్తుంది. ఎనిమిది దాటినవాళ్లను నిజంగా జరగగలిగేవి కలవరపెడతాయి: తప్పిపోవడం, ఇల్లు కాలడం, అమ్మానాన్నలు విడిపోవడం. వాళ్లతో మాట్లాడితే తేలికపడతారు.

అందుకే ఎంచుకున్నవాళ్లలో ఒకరు సినిమా మొత్తం ముందే చూడాలి, ఫోను పక్కన పెట్టి, కాగితం దగ్గర పెట్టుకుని. భయం మొదలైన నిమిషం, తీరిన నిమిషం రాసుకోండి. 95 నిమిషాల సినిమాలో 65 నుంచి 80 నిమిషాల మధ్య భాగం ముఖ్యం. హీరో ఒంటరైపోవడం, ఇష్టమైన పాత్ర చచ్చిపోయినట్టు కనిపించడం సాధారణంగా అక్కడే. ట్రైలర్‌లో ఇది కనబడదు.

చూసేది కూడా తెలుగు డబ్బింగే అయి ఉండాలి. ఇంగ్లీషులో చూసి "బాగుంది" అని, తెలుగులో వేసి నాలిక కరుచుకున్న బళ్లున్నాయి. నవ్వించడానికని లావుపాటి పాత్ర మీద, నల్లటి పాత్ర మీద మూలంలో లేని పంచ్‌లు డబ్బింగ్‌లో చేరుతుంటాయి. మర్నాడు వాటికి బలయ్యేది వెనక బెంచీలో కూర్చునే పిల్లాడే.

అనుకరణ విషయంలో ఒకటే ప్రశ్న వేసుకోండి: ఆ వస్తువు పిల్లాడికి ఇంట్లో దొరుకుతుందా? మంత్రదండంతో ప్రమాదం లేదు. తువ్వాలు కట్టుకుని డాబా మీంచి దూకడం, వాషింగ్ మెషిన్లో దాక్కోవడం, మెడకు తాడు బిగించుకునే ఆట వంటివి నవ్వులాటగా చూపించి, దెబ్బ తగలనట్టు వదిలేస్తే ఆ సినిమా పక్కన పెట్టండి.

వెలుగుల సంగతి చాలామందికి తెలియదు. 1997 డిసెంబరు 16న జపాన్‌లో టీవీలో వచ్చిన ఒక పోకెమాన్ కార్టూన్ ఎపిసోడ్‌లో ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు 12 సార్లు కొట్టుకోవడంతో 600 మందికి పైగా ఫిట్స్ వంటి ఇబ్బందులతో ఆసుపత్రుల పాలయ్యారు, ఎక్కువమంది పిల్లలే. సెకనుకు మూడుకు మించి మెరుపులుంటే జాగ్రత్త పడాలి. ఫిట్స్ ఉన్న పిల్లలెవరో ముందే కనుక్కుని, వాళ్ల తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, తెరకు దూరంగా కూర్చోబెట్టండి. మెరుపులు మొదలైతే ఒక కన్నును అరచేత్తో పూర్తిగా మూసుకోమని చెప్పండి. రెండు కళ్లూ మూసినా రెప్పల్లోంచి వెలుగు పోతుంది కాబట్టి లాభం ఉండదు.

ఆ రోజు వెనక ఒక లైటు వెలుగుతూ ఉండాలి. సౌండ్‌ను మాటలు వినబడేలా కాక, అన్నిటికన్నా పెద్ద పోరాట దృశ్యం పెట్టి సరిచేయండి, మాటలకు సరిచేస్తే పోరాటంలో చిన్నపిల్లలు చెవులు మూసుకుంటారు. నర్సరీ పిల్లలకు సినిమా మొత్తం వద్దు: రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు గంట తెర చాలని పిల్లల డాక్టర్లు అంటారు, వాళ్లకు 20 నిమిషాల కథ ఒకటి వేరే గదిలో వేయండి. తలుపు దగ్గర ఒక టీచరు ఉండాలి. బయటికి వస్తానన్న పిల్లను "ఇంత పెద్దదానివి, భయమేంటి" అనకుండా తీసుకెళ్లి కూర్చోబెట్టాలి. మళ్లీ లోపలికి వస్తానంటే, ఇప్పటిదాకా ఏం జరిగిందో రెండు మాటల్లో చెప్పి పంపండి.